మైకు పెట్టిన చోటు

శబ్దం చేయొద్దని యామిని చెప్పగానే ఆ ఇల్లంతా నోరు మూసుకుంది. ఏసీ ఆగింది, ఫ్యాను ఆగింది, వంటింట్లో ఫ్రిజ్ ప్లగ్గు పీకేశారు, కుక్కరు పొయ్యి మీద నుంచి దిగింది, పనిమనిషిని డాబా మీదికి పంపేశారు, ఇంటావిడ ప్రభావతి చేతి గాజులు ఒక్కొక్కటే తీసి అలమరలో పెట్టింది. ముకుంద్ సారు డైనింగ్ టేబుల్ దగ్గర చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కూర్చోమంది యామినే. పదమూడేళ్ల కింద ఈ మనిషి ముందు నిలబడి ఒక్క మాట చెప్పబోతే నెత్తి మీద చెయ్యి పెట్టి పక్కకు జరిపాడు. ఇవాళ ఆయన సొంత ఇంట్లో, ఆయన నోటికే తాళం వేసే పని తన చేతికి వచ్చింది. గంట పని. ఆదివారం పూట పదకొండుకు మొదలైతే పన్నెండుకల్లా అయిపోతుంది. ఈ గంటలో ఏం చేయాలో తలుపు తీసినప్పుడే నిర్ణయమైపోయింది.

పని మాత్రం రోజూ చేసేదే. గదిలో ఏడు స్పీకర్లు, రెండు బేస్ పెట్టెలు. ఎంత ఖరీదైన స్పీకరైనా గదిలో పెట్టాక గది చెప్పినట్టే వినాలి. గోడ కొంత మింగుతుంది, మూల కొంత ఉబ్బిస్తుంది, గాజు కిటికీ తన గోల తను కలుపుతుంది. అందుకని వేలెడంత మైకును స్టాండుకు తగిలించి, మనిషి కూర్చునే చోట చెవి ఎత్తులో పెడతారు. సిస్టమ్ ఒక్కో స్పీకరు నుంచి ఒక కూత వదులుతుంది, లావుగా అడుగున మొదలై సన్నబడుతూ పైకి పోయే ఇరవై సెకన్ల కూత. మైకు దాన్ని విని, గది ఎక్కడ ఎంత పాడుచేస్తోందో చెబితే మెషీన్ విరుగుడు రాసుకుంటుంది, ఎక్కువైన చోట తగ్గిస్తుంది, తక్కువైన చోట పెంచుతుంది. మైకును ఎనిమిది చోట్లకు మారుస్తూ ఎనిమిది సార్లు. రూమ్ కరెక్షన్ అంటారు దాన్ని. అంతా మెషీనే చేసుకుంటుంది, మనిషి చేయాల్సింది ఒక్కటే, మైకును పెట్టాల్సిన చోట పెట్టడం. ఆ ఒక్కటి తప్పితే అంతా తప్పే. తప్పని మాత్రం మెషీనుకు తెలియదు, తను విన్నదే నిజమనుకుంటుంది. ఈ సంగతి యామినికి ఉద్యోగంలో చేరాక తెలిసింది కాదు. పదహారేళ్లప్పుడే తెలుసు.

షాపు వాళ్లిచ్చిన కాగితంలో ప్రభావతి అని పేరు, విల్లా నంబరు, కొల్లూరు రింగు రోడ్డు పక్కన అని గుర్తు, అంతే ఉన్నాయి. ఈ విల్లా బాల్కనీలో నిలబడితే రోడ్డుకు అవతల ప్రభుత్వం కట్టిన డబుల్ బెడ్‌రూమ్ బ్లాకులు వరసగా కనబడతాయి. అందులో ఒకదాని ఏడో అంతస్తులో అమ్మ ఇప్పుడు బియ్యం ఏరుతూనో, శబ్దం లేని టీవీలో మనుషుల పెదాలు చూస్తూనో ఉంటుంది. ఇంత దగ్గర ఉన్నాడన్నమాట. తలుపు తీసిన మనిషికి జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది, ముందు పోల్చుకోలేదు. "రా బిడ్డా, జెర ఎండల వడి వచ్చినట్టున్నవ్, మంచినీళ్లు తాగుతవా?" అన్నాడు. ఆ బిడ్డా అనే పిలుపు చెవిలో పడగానే పోల్చుకుంది. మంచినీళ్లు వద్దంది. ఆయన మాత్రం గుర్తుపట్టలేదు. ఎందుకు పడతాడు, ఆ రోజు ఆయన యామిని మొహం చూడలేదు, నెత్తే చూశాడు.

"మూడు సిస్టమ్‌లు మార్చిన," అన్నాడు గదిలోకి తీసుకొచ్చి. "బాంబులు పేలితే గోడలు అదురుతయి. మనుషులు ఏం మాట్లాడుతున్నరో మాత్రం ఒక్క ముక్క తెల్వదు. అంత ఈ గదితోనే పరేషాన్. గది పని పట్టు బిడ్డా." పడతాను సార్, అనుకుంది. ఎవరి పని పట్టాలో నాకు తెలుసు.

అందుకే మొదటి మైకును ఆయన పడక కుర్చీ ముందు పెట్టలేదు. కుర్చీ వెనక, కింద, లావుపాటి దిండ్లు నాలుగు పోగేసి వాటి మధ్య దూర్చింది. ఎవరైనా చూసినా అర్థమయ్యేది కాదు. దూది చాటున ఉన్న మైకుకు సన్నని శబ్దాలు చేరవు. మెషీన్ ఏమనుకుంటుంది, ఈ గది సన్నని శబ్దాల్ని మింగేస్తోంది అనుకుంటుంది, వాటిని ఇంతకు నాలుగింతలు పెంచేస్తుంది. ఇక ఈ గదిలో ప్రతి మాటా రేకు చింపినట్టు వస్తుంది. చెంచా కింద పడితే చెవి కోసుకుపోతుంది. ముకుంద్ సారుకు రోజూ సాయంత్రం మేకుల మెషీన్ల ముందు కూర్చున్నట్టే ఉంటుంది. నాలుగో సిస్టమ్ కొంటాడు, ఐదోది కొంటాడు, ఎక్కడ తప్పు జరిగిందో చచ్చేదాకా తెలియదు. ఎలా ఉంటుందో చూడు సారూ, మైకు పెట్టాల్సిన చోట పెట్టకపోతే.

మేకుల ఫ్యాక్టరీ అప్పట్లో వాళ్లుండే ఇస్నాపూర్ నుంచి నడిచి పోయేంత దూరం. ఇరవై రెండు మెషీన్లు. తీగను లాగి, నరికి, తల కొట్టి, మేకును డబ్బాలో విసిరేస్తాయి, ఒక్కోటీ నిమిషానికి మూడొందలు. అమ్మ పేరు ఆగమ్మ, పని ప్యాకింగు, పీట మూడో మెషీనుకు చెయ్యి చాస్తే అందేంత దగ్గర. తొమ్మిదేళ్లు ఆ పీట మీదే. ఇంటికి వస్తే జుట్టులో నూనె వాసన, చేతులకు ఇనుప పొడి, మాట మాత్రం ఏడాదికేడాది పెద్దదవుతూ వచ్చింది. ఒక సాయంత్రం అన్నం తింటూ యామిని కాళ్ల వైపు చూసి, "ఏమే, పట్టీలు యాడ వారేసినవ్, సప్పుడు లేదు?" అంది. పట్టీలు కాళ్లకే ఉన్నాయి. యామిని అప్పుడే బయటి నుంచి గెంతుకుంటూ వచ్చింది. కాలు ఎత్తి ఆడించింది, ఇంకా గట్టిగా ఆడించింది. అమ్మ పట్టీల వంక చూసింది, తర్వాత యామిని మొహం వంక చూసింది, ముద్ద నోట్లో పెట్టుకుని మాట మార్చేసింది. ముందు పోయినవి పట్టీలు. తర్వాత కుక్కరు విజిలు. తర్వాత గ్యాస్ పిల్లాడి బెల్లు, సందులో నుంచి పిలిచే కూతురి గొంతు. ఇంటర్ పాసయ్యానని వీధి మొదట్లో నుంచి అరుచుకుంటూ వస్తే అమ్మ వెనక్కి తిరగలేదు, బట్టలు ఉతుక్కుంటూనే ఉంది. వెనక నుంచి భుజం పట్టుకుంటే అదిరిపడి తడి చేత్తో చెంప మీద ఒకటిచ్చింది. ఆ దెబ్బ యామినికి ఇప్పటికీ నొప్పే. కొట్టినందుకు కాదు.

యామిని ట్యాబ్ మీద నొక్కింది. ఎడమ స్పీకరులో నుంచి కూత బయలుదేరింది, నేల కింద లారీ పోతున్నట్టు లావుగా, తర్వాత మనిషి గొంతంత, తర్వాత ఈలంత, పైపైకి. పదిహేను సెకన్లు దాటాయో లేదో తలుపు అవతల నుంచి ముకుంద్ సారు గొంతు. "అయిపోయిందా బిడ్డా?" కూత ఇంకా నడుస్తూనే ఉంది. ట్యాబ్ మీద ఎర్ర గీత వచ్చింది, బయటి శబ్దం కలిసింది, మళ్లీ చేయండి అని. తలుపు సందులో నుంచి తల పెట్టి చెప్పింది, "ఇంకా కాలేదు సార్, జెర సేపు సప్పుడు చేయకుండ్రి." ఆయన నవ్వి నోటి మీద వేలు వేసుకున్నాడు. తొందర ఈ మనిషికి. ఆ రోజూ తొందరే.

ఆ రోజంటే కొలతల రోజు. ప్యాకింగు ఆడవాళ్లు పదకొండు మంది చెవులు పోతున్నాయని కాగితం పెట్టుకుంటే, శబ్దం ఎంతుందో కొలవమని పైనుంచి ఆర్డరు వచ్చింది. సేఫ్టీ ఆఫీసరు ముకుంద్ సారు. బడికి సెలవు, అమ్మకు సద్ది పట్టుకుని వెళ్లింది యామిని. లోపల అడుగు పెడితే ఏదో తేడా, ఫ్యాక్టరీలో మాటలు వినబడుతున్నాయి. ఇరవై రెండింటిలో పద్నాలుగు మెషీన్లు ఆగి ఉన్నాయి, నూనె పెడుతున్నారట. మూడు కాళ్ల స్టాండు మీద మీటరు ఉంది, ఎక్కడ, ఆ చివర ఆఫీసు గది పక్కన, గోనె సంచుల దొంతర చాటున. అమ్మ పీట దగ్గర నుంచి అక్కడికి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. ముప్పై ఒకటి. సారు దగ్గరికి పోయి, "సార్, మా అమ్మ కూసునేది ఈడ గాదు, ఆడ," అంది. ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి పక్కకు జరిపాడు, కోపంగా కూడా కాదు, ముద్దుగా. "మీటరు అబద్ధం చెప్పదు బిడ్డా," అన్నాడు. ఎనభై నాలుగు డెసిబెల్స్ అని రాసుకున్నాడు. తొంభై దాకా ఫరవాలేదు. ఎనభై నాలుగు.

రెండో కూత. యామిని గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది, దిండ్ల మధ్య మైకు మెడ కూడా కనబడటం లేదు. లావు, మధ్యరకం, ఈల, ఇంకా పైకి. "ఆగిపోయింది గదా, ఇగ లేవచ్చా?" మళ్లీ ఎర్ర గీత. మళ్లీ అదే పదిహేనో సెకను. ఈసారి యామిని వెంటనే తలుపు దగ్గరికి పోలేదు. ప్రభావతి ఆయన్ని కసురుకోవడం వినబడింది, "ఆగలేదు, సప్పుడు వస్తనే ఉంది గద, నిమ్మళంగ కూసోరాదు." ఆయన, "నువ్వు గొణుగుడు మాను, ఏం మాట్లాడుతవో సక్కగ మాట్లాడు," అన్నాడు. ఇందాక గాజులు తీస్తూ ఆవిడే చెప్పింది, నాలుగేండ్ల సంది అన్నిటికీ గొణుగుతున్నవ్ అంటడమ్మా, నా గొంతే ఖరాబైందేమోనని డాక్టరుకు గూడ సూపించుకున్న, అని. అప్పుడు యామిని సగం విన్నది. మొగుడూ పెళ్లాల సంగతి మనకెందుకు అనుకుంది.

తలుపు అడ్డం ఉండటం వల్లేమో. చూద్దాం. "సార్, లోపలికి వచ్చి ఆ మూల స్టూలు మీద కూసోండ్రి, బయట ఉంటే మీకు తెలుస్తలేదు." వచ్చి కూర్చున్నాడు, స్పీకరుకు ఆరడుగుల దూరంలో, బుద్ధిగా. ప్రభావతి గడప దగ్గర నిలబడింది. యామిని ఆయన మొహం మీద నుంచి కళ్లు తిప్పలేదు. లావు కూతకు ఆయన కనుబొమ్మలు కదిలాయి. మధ్య కూతకు తల ఆడించాడు. కూత సన్నబడింది, ఈలయింది, పైకి పోయింది, పోతూ ఉండగా ఆయన మొహంలో విశ్రాంతి వచ్చింది. పని ముగిసిన మనిషి మొహం. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోతూ, "ఆఁ, గిప్పుడు అయిపోయింది," అన్నాడు. గదంతా కూత గీపెడుతోంది. ప్రభావతి చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

పట్టీలు పోయే చోటు అది. సరిగ్గా అదే చోటు. ఆ పైన ఉండేవే మాటల్లో స, శ, త, క, ఒక మాటకూ ఇంకో మాటకూ తేడా చెప్పే సన్న సన్నవన్నీ. బాంబులు కిందుంటాయి, బాంబులకేం ఢోకా లేదు. గది కాదు సారూ, గది కాదు. యామినికి నవ్వు రాబోయింది, అంతలో ఇంకొకటి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ప్యాకింగు ఆడవాళ్లు చెవుల్లో పెట్టుకునే రబ్బరు ముక్కలు ఇప్పించమని అడిగితే ఈయన తన చెవులు చూపించేవాడట. నేను పెట్టుకున్ననా, నాకు లేని బాధ మీకేంది అనేవాడట. శబ్దం లేదని రాసి సంతకం పెట్టినవాడు తనే చెవులు మూసుకుని తిరిగితే ఎలా కుదురుతుంది. అందుకని రోజుకు రెండు మూడు సార్లు, నవ్వుతూ, అందరికీ కనబడేలా, ఉత్త చెవులతో ఇరవై రెండు మెషీన్ల మధ్య తిరిగాడు. ఏళ్ల తరబడి తిరిగాడు. ఆ ఎనభై నాలుగును ఈయన ఒక్కడే నమ్మినట్టు నటించి నటించి చెవులు అర్పించుకున్నాడు. ఎంత బాగుందో. ఎవరూ ఏమీ చేయనక్కర్లేకుండా ఎంత బాగా జరిగిందో.

అప్పుడు దిండ్ల వైపు చూసింది. ఎంత పని చేయబోయింది తను! ఆ మైకు అలాగే ఉంటే మెషీన్ ఏం చేస్తుంది, సన్నని శబ్దాల్ని నాలుగింతలు పెంచుతుంది. ఈయనకు కావలసింది అదే కదా. మామూలు చెవికి రేకు చింపినట్టుండేది ఈ చెవికి మాటై వినబడుతుంది. అమ్మకు మొదట్లో తను చేసింది అదేగా, టీవీలో సన్నవన్నీ పెంచి, లావువన్నీ తగ్గించి పెట్టింది. రెండేళ్లు అమ్మ సీరియళ్లు నవ్వుతూ చూసింది, పక్క గదుల వాళ్లు పళ్లు కొరికినా సరే. తర్వాత అదీ చాలలేదు. పగ పట్టి దూర్చిన దొంగ మైకు ఈ మనిషికి మందవుతుంది. సాయంత్రం సినిమా పెట్టుకుని, ప్రతి మాటా ముత్యంలా వినబడుతుంటే, చూశావా, గదిదే తప్పు, నా చెవులు భేషుగ్గా ఉన్నాయి అని పెళ్లాం ముందు మీసం తిప్పుతాడు. ఆవిడ జన్మంతా గొణుగుతున్నట్టే మిగిలిపోతుంది. యామిని పేరు చెప్పి నలుగురికి సిఫారసు కూడా చేస్తాడు.

ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, వదిలేద్దామా అనిపించింది. పోనీ, ముసలాడు, వినబడనీ. ఆ క్షణంలోనే విచారణ గది కళ్లకు కట్టింది. పొడుగు బల్ల, అవతల ఫ్యాక్టరీ డాక్టరు, ముకుంద్ సారు, ఇవతల అమ్మ, పక్కన తను. ముందు చెవుల పరీక్ష కాగితం చదివారు, ఆగమ్మకు వినికిడి బాగానే ఉందని. ఆ పరీక్షలో చెవులకు డబ్బాలు తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యి లేపమన్నారట. చెయ్యి లేపకపోతే పనిలో నుంచి తీసేస్తారని అమ్మ భయం. ఎదురుగా డాక్టరు బటన్ మీద వేలు కనబడుతూనే ఉంది, ఆయన నొక్కినప్పుడల్లా అమ్మ ఠక్కున చెయ్యి లేపింది. అన్నిటికీ లేపింది. ఇంటికొచ్చి, అన్ని కరెక్టు చెప్పిన బిడ్డా అని మురిసిపోయింది. తర్వాత ఎనభై నాలుగు కాగితం చదివారు. శబ్దం హద్దులోనే ఉంది, ఫ్యాక్టరీ తప్పేం లేదు అని. బల్ల చుట్టూ అందరూ తలలు ఊపారు. ఏం జరుగుతోందో తెలియక, అందరూ ఊపుతున్నారు కదా మంచే అయి ఉంటుందని, అమ్మ కూడా తల ఊపింది. నవ్వుతూ ఊపింది. ముకుంద్ సారు ఆమెను చూసి తనూ నవ్వాడు. బయటికొచ్చాక వేపచెట్టు కింద, ఏమన్నరే అని అడిగితే, అమ్మ అరచేతిలో వేలితో రాసి చెప్పాల్సి వచ్చింది.

లేదు. ఈయనకు దిండు చాటు దొరకకూడదు. యామిని వంగి మైకును దిండ్ల మధ్య నుంచి లాగింది, దూది పోగులు ఊదేసింది. ఆయన కుర్చీ ముందుకు వచ్చి, తల ఆనే చోటు చూసి, చెవి ఎత్తుకు స్టాండు సర్ది, టేపు పెట్టి కొలిచింది. ఉద్యోగంలో చేరిన ఆరేళ్లలో ఇంత శ్రద్ధగా ఎప్పుడూ పెట్టలేదు. ఒక వేలు ఇటు కాదు, ఒక వేలు అటు కాదు. ముకుంద్ సారును బయటికి పంపి, ప్రభావతిని ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోమంది, చెయ్యి వదిలేదాకా ఆయన మాట్లాడకూడదని. ఇంక అడ్డు రాలేదు. ఎనిమిది చోట్లు, ఒక్కో చోట తొమ్మిది కూతలు. గది ఉడికిపోతోంది, వీపు మీద చెమట కాలువ కట్టింది, యామిని తుడుచుకోలేదు. ఒక్కో కూతా పైకి పోతుంటే మనసులో లెక్కపెట్టింది, ఇది పట్టీలు, ఇది కుక్కరు, ఇది నా గొంతు. మెషీన్ తన లెక్కలు తను వేసుకుంది. ట్యాబ్ మీద పచ్చ గీత తిన్నగా నిలిచింది.

"ఏమాయె బిడ్డా? గదిల దోషం ఏంది?" ముకుంద్ సారు మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"గదిల ఏం దోషం లేదు సార్. స్పీకర్లల్ల లేదు. మీరు కూసునే కాడ, మీ చెవి ఎత్తుల మైకు వెట్టి కొలిచిన. అన్ని సాఫ్ వస్తున్నయి."

"మరి నాకు మాటలు తెలుస్తలేవు గద. నీ మైకే ఖరాబున్నట్టుంది."

"మీటరు అబద్ధం చెప్పదు సార్."

పదమూడేళ్లు నాలుక కింద దాచుకున్న మాట. ఆ మాట తనదేనని ఆయన గుర్తుపట్టలేదు. చిరాకుగా చూశాడు, అంతే. యామినికి అది చేదుగానే ఉంది, కానీ పోనీ అనుకుంది, గుర్తుపట్టకపోయినా తగలాల్సింది తగులుతుంది. "నమ్మకుంటే మీరే సూడుండ్రి," అంది. "మీ కుర్చీల కూసోండ్రి. సప్పుడు ఆగిపోంగనే చెయ్యి లేపుండ్రి. అమ్మా, మీరు గూడ లోపలికి రండ్రి, ఈడ నా పక్కన నిలవడుండ్రి." కూతను నిమిషం పాటు మెల్లగా సాగేలా మార్చింది. ట్యాబ్‌ను వీపు వెనక్కి పట్టుకుంది. తన వేలు ఆయనకు కనబడకూడదు.

లావు కూత నేలలో నుంచి లేచింది. ముకుంద్ సారు కళ్లు మూసుకుని తల ఊపాడు. మధ్య కూత గది నిండా తిరిగి వచ్చింది. సన్నబడింది. ఈల కట్టింది. పైకి, ఇంకా పైకి. ఆయన నమ్మకంగా, బల్ల ముందు కూర్చునే పెద్దమనిషిలా, కుడి చెయ్యి పైకెత్తాడు.

కూత ఆగలేదు. కిటికీ గాజు మీద, ఖాళీ గ్లాసు అంచు మీద, ప్రభావతి బోసి చేతుల మీద సన్నగా గీపెడుతూనే ఉంది. ఆవిడ స్పీకరు వైపు చూసింది, లేచి ఉన్న మొగుడి చెయ్యి వైపు చూసింది. నాలుగేళ్లు ఆవిడ మొహంలో ఒక్కొక్కటిగా వెనక్కి పోవడం యామిని చూసింది.

"ఇంక వస్తనే ఉంది," అంది ప్రభావతి. గొణగలేదు, గట్టిగానే అంది.

ఆయన కళ్లు తెరిచాడు. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. "ఏంది?" అన్నాడు. "ఏం వస్తున్నది?"

యామిని కూతను ఆపలేదు. చివరిదాకా పోనిచ్చింది.